అణువునకు అంతము కలదా?

పరమాత్మ సూక్ష్మమైన వాటికన్నిటికంటె సూక్ష్ముడనియు, ఘనమైన వాటికన్నిటికంటె ఘనుడనియు కఠోపనిషత్తు తెలుపుచున్నది. ఘనతకు అంతము లేదనుటను అందరును సులభముగ అంగీకరింతురు. కాని సూక్ష్మతకు అంతము కలదా? "ఇంతకంటె చిన్నది లేదు" అని చూపదగిన సంఖ్య ఒకటి గలదా? ఈ ప్రశ్న గణితజ్ఞులది మాత్రమే కాదు. ధర్మమాచరింపగోరు ప్రతి గృహస్థునిదియు.

ఎమ్మిగనూరు నేతకు పేరుగన్న ఊరు. అచటి మగ్గముపై నూలుపోగు నొకదానిని సగము చేసి, ఆ సగమును మరల సగము చేయుచు పోయినచో కొంతసేపటికి కత్తెర ఓడిపోవును, సంఖ్య ఓడిపోదు. ఒకటిలో సగము 0.5, అందు సగము 0.25, అందు సగము 0.125. ఎవరైన నొక సంఖ్యను చూపి, సున్నకంటె పెద్దవైన వాటిలో ఇదియే కడపటిదన్నచో, దానిలో సగము దానికంటె చిన్నది. అయినను సున్న కాదు. కావున అట్టి కడపటి సంఖ్య లేనే లేదు.

"దశాంశ బిందువు తరువాత అనంతముగ సున్నలు వ్రాసి, చివర ఒకటి వ్రాసినచో?" అని కొందరడుగుదురు. అనంతమైన వరుసకు చివర యనునది లేదు. లేని చోట ఒకటిని నిలుపుటెట్లు? మూడింట నొక వంతు 0.333... అని అంతులేక సాగును. దానిని మూడింట గుణించిన 0.999... అగును, మూడు మూడవ వంతులు ఒకటియే గదా! కావున ఆ రెండును ఒకే సంఖ్యకు రెండు వ్రాతలు; వాటి నడుమ వెలితి ఏమియు లేదు.

మన దర్శనములలో ఈ వివాదము ప్రాచీనమైనది. సూర్యకిరణమున కనబడు ధూళికణమును విభజించుచు పోగా భాగములు లేని పరమాణువు మిగులునని వైశేషికులు చెప్పిరి. విభాగమునకు అంతము లేనిచో మేరు పర్వతమునకును ఆవగింజకును అనంతమైన భాగములే యుండును గావున రెండును సమానము కావలసి వచ్చునని వారి వాదము. మధ్వాచార్యులు భాగములు లేని పరమాణువును అంగీకరింపలేదు. వారి అనువ్యాఖ్యానమునకు జయతీర్థులు న్యాయసుధను, న్యాయసుధకు శ్రీ రాఘవేంద్రస్వామి పరిమళమను వ్యాఖ్యను రచించిరి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమునకు సమీపముననే తుంగభద్రా తీరమున మంత్రాలయములో 1671లో ఆ స్వామి బృందావన ప్రవేశము చేసిరి.

మేరు పర్వతపు ఆక్షేపమునకు నేటి గణితము తేటగ సమాధానము చెప్పును. ఆదోని నుండి ఎమ్మిగనూరునకు నడచు యాత్రికుడు మొదట దారిలో సగము, పిదప మిగిలినదానిలో సగము, ఆపైన మిగిలినదానిలో సగము నడచునని లెక్కింపవచ్చును. భాగములు అనంతము, వాటి మొత్తము మాత్రము ఆ దారియంతయే. దారి రెట్టింపైనచో ప్రతి భాగమును రెట్టింపగును. భాగముల లెక్క వేరు, వస్తువు కొలత వేరు. కావున విభాగమునకు అంతము లేకున్నను మేరువు మేరువే, ఆవగింజ ఆవగింజయే.

ఇందు మరియొక సత్యము కలదు. సున్న కానిది ఎంత చిన్నదైనను, దానిని తగినన్ని మారులు కూడినచో ఎంతటి పెద్ద సంఖ్యనైనను మించును. దీనికి గ్రీకు పండితుడైన ఆర్కిమెడీస్ పేర వ్యవహారము కలదు. ఆదోని పత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి. ఒక వర్తకుడు క్వింటాలునకు నూరు గ్రాములు మాత్రమే తూకము తగ్గించి, "ఇది లెక్కలోనిది కాదు" అని తలచెననుకొందము. పదివేల క్వింటాళ్లు తూచునప్పటికి పది క్వింటాళ్ల పత్తి రైతుల చేజారును. ప్రతి రైతునకు కలిగిన నష్టము చిన్నది. సున్న మాత్రము కాదు. "ఇంతకు లోపల పాపము లేదు" అని గీత గీయుటకు అట్టి కడపటి కొలత యెచటను లేదు.

సుకృతమును అట్టిదే. ఈ ధర్మము స్వల్పమైనను మహాభయము నుండి కాపాడునని భగవద్గీత రెండవ అధ్యాయము అభయమిచ్చుచున్నది. దినమున కొక తులసీదళము, ఒక నామస్మరణ, ఆకలిగొన్నవానికి ఒక ముద్ద: ఇవి చిన్నవే గాని శూన్యములు కావు.

అయితే సంఖ్యను శాస్త్రమునకు మించి లాగరాదు. 0.999... ఒకటియే యైనందున జీవుడును ఈశ్వరుడే యని వాదించుట యుక్తము కాదు. అచట ఉన్నది ఒకే సంఖ్యకు రెండు వ్రాతలు. జీవేశ్వరులో, మధ్వ సిద్ధాంతమున నిత్యభిన్నులు. గణితము నేర్పునది ఇంతమాత్రమే: చిన్నదానిని సున్నగ ఎంచరాదు. చేసిన స్వల్పమును గర్వింపక, చేయగల స్వల్పమును విడువక నడచు భక్తుని అడుగులో ఏదియు వ్యర్థము కాదు.