పొదుపు ఎవరి గుణం?

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమని మనవాళ్ళొక సామెత చెప్పారు. దీన్ని ఇంతకాలం మెచ్చుకోలుగానే వాడుతూ వచ్చాం. గింజ వృథా పోకుండా ఉంటే, పాతచీర బొంతగా మారితే, పిల్లలు తల్లి చేతివంట తిని ఆరోగ్యంగా పెరిగితే ఆ ఘనత ఇల్లాలిదని దీని భావం. ఇటీవల ఈ భావానికి కొత్త గిరాకీ వచ్చింది. ఇంటినిండా బజారు సరుకు పేరుకొని విసుగెత్తిన చదువుకున్న కుటుంబాలు ఇంటివంటకూ, చేతిపనులకూ, పొదుపుకూ తిరిగి మళ్ళాలంటున్నాయి. పిల్లలకు బొమ్మ కొనివ్వడం కంటె బొమ్మ చేయడం నేర్పడం మేలంటున్నాయి. ఈ మాటలో సత్యం లేదని నేననను. కాని సామెతలోగాని, ఈ కొత్త ఉపదేశంలోగాని ఒక ప్రశ్న అడగకుండానే మిగిలిపోయింది. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు, సరే. ఇల్లాలిని చూసి ఇంటిని చూడమని ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఆమె వేళ్ళు, ఆమె నడుము, ఆమె నిద్ర చూసి ఈ ఇల్లు మంచిదా, చెడ్డదా అని నిర్ణయించే పద్ధతి మనకెందుకు లేదు?

ముందు ఈ జీవితంలో ఉన్న మంచిని మంచిగా ఒప్పుకోవాలి. లేకపోతే విమర్శ న్యాయమనిపించుకోదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో సంక్రాంతి ముందు సకినాలు చేసే ఇంటికి వెళ్ళి చూడండి. కొత్త బియ్యం నానబెట్టి, వడగట్టి, తడిపిండి పట్టిస్తారు. అందులో నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలుపుతారు. నేలమీద ఉతికిన గుడ్డ పరిచి, చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు నలుగురూ దాని చుట్టూ కూర్చుంటారు. పిండిని వేళ్ళమధ్య మెలితిప్పుతూ చుట్టు పక్కన చుట్టుగా గుడ్డమీద వదులుతారు. ఈ పనికి అచ్చు లేదు, కొలబద్ద లేదు. ఎవరి సకినం వారి చేతిని పట్టిస్తుంది. ఏడెనిమిదేళ్ళ పిల్ల పక్కన చేరి వంకరటింకరగా ఒకటి చుడుతుంది. దాన్ని ఎవరూ చెరిపేయరు. దాన్నీ కాగిన నూనెలో వేసి, వేగాక ఆ పిల్లకే ఇస్తారు. ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో. కూలి లేదుగాని లెక్క ఉంది. ఆ లెక్క రూపాయల్లో ఉండదు.

బతుకమ్మ సంగతీ అంతే. గునుగు, తంగేడు పట్నాల్లో ఇప్పుడు అమ్ముతున్నారుగాని, అవి చెలకల్లో, గట్లమీద వాటంతటవే పూసే పూలు. పొద్దున్నే లేచి నడిచి తెచ్చుకోవడమే వాటి ఖరీదు. గునుగుకు పిల్లలు రంగులద్దుతారు. తాంబాళంలో వరుస మీద వరుస పేర్చడంలో తల్లి చూపు, పిల్ల చూపు ఒకటవుతాయి. తేనెటీగ కట్టే గూటికీ మనిషి కట్టే ఇంటికీ తేడా చెబుతూ, మనిషి కట్టబోయేదాన్ని ముందుగా తలలో కట్టుకుంటాడని మార్క్స్ 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో వివరించాడు. ఆ అర్థంలో సకినం చుట్టే చేయి, బతుకమ్మ పేర్చే చేయి పూర్తిగా మనిషి చేతులు. ఏం చేయాలో తామే తలచి, తమవాళ్ళ కోసం, తమ కళ్ళముందే పని ముగిస్తాయి. ఇటువంటి పని తెలియని బాల్యం, ఇంట్లో ఎన్ని బొమ్మలున్నా, పేద బాల్యమే.

ఇంతవరకు ఉపదేశకులతో నాకు పేచీ లేదు. పేచీ ఇక్కడినుంచే మొదలవుతుంది. వారు మరిచిపోతున్న విషయాలు రెండున్నాయి.

మొదటిది, పొదుపు అందరికీ ఎన్నుకున్న మార్గం కాదు. మా తాతల కాలంలో మెట్టపొలాల పల్లెల్లో వరి అన్నం పండుగనాటి మాట. రోజూ తినేది జొన్నగటక, మక్కగటక, అంబలి. పచ్చిపులుసుకు పొయ్యితో పనే లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, మిరపకాయ, ఉప్పు కలిపితే చాలు; కట్టె మిగులుతుంది. ఎంత తెలివైన వంట! కాని పొద్దంతా దొర పొలంలో వెట్టి చేసి వచ్చిన మనిషి ఇంట్లో గింజ, కట్టె, తీరిక మూడూ లేవన్న సంగతి ఆ తెలివి వెనుక ఉంది. నేడు పట్నం హోటళ్ళలో జొన్నరొట్టె ఆరోగ్యాహారమనే పేరుతో అమ్ముడవుతోంది. తినేవారిని నేను తప్పుపట్టను. కాని కలిగినవాడు వదులుకోవడం నిగ్రహమైతే, లేనివాడు సర్దుకోవడం నిర్బంధం. రెండింటికీ పొదుపు అనే ఒకే పేరు పెట్టి పొగిడితే, పేదవాడి ఆకలికి కూడా సుగుణమనే ముద్ర పడుతుంది. ఆ ముద్ర వల్ల లాభపడేవాడు పేదవాడు మాత్రం కాడు.

రెండవది, ఒక ఇంట్లో జరిగే పొదుపు కూడా అందరి చేతులమీదుగా జరగదు. మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మ పాతచీరలు, ధోవతులు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఒకనాడు తరగతిలో జానపద కళల గురించి చెబుతూ ఆ బొంతమీద చాలాసేపు మాట్లాడాను: రంగుల పొందిక, కుట్ల వరుస, పాతను కొత్తగా మార్చే సృజనశక్తి. సాయంత్రం ఆ మాటే అమ్మతో గొప్పగా చెప్పాను. ఆమె నవ్వి, "అది కుట్టిన యాడాది రగ్గు కొందామంటె పైసలు లేకుండె బిడ్డా. మీరందరు పన్నంక కుట్టిన. కరెంటు పోతె చిమ్నీ ముందట వెట్టుకునేది. కండ్లు గుంజుతుండె" అన్నది. కుట్ల వరుస మీద అంతసేపు మాట్లాడిన నాకు ఆ చిమ్నీ కనిపించలేదు. మా ఇంటి పొదుపును అమ్మ తన నిద్రలోంచి తీసింది. అది అప్పులాంటిదే, తీర్చవలసినవాళ్ళం మేమని మాకెవరికీ తోచలేదు.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. దేశంలో 2019లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. అందులోనూ ఆ పనిలో ఏ కాస్తయినా చేయి పెట్టిన పురుషులు నూటికి 26 మంది. స్త్రీలు 81 మంది. ఒకప్పుడు సమాజమంతటికీ చెందిన గృహనిర్వహణ ఇంటిగోడల మధ్య స్త్రీ చేసే సొంత సేవగా ఎలా మారిందో ఎంగెల్స్ 1884లోనే చర్చించాడు. ఇంటివంటకు తిరిగి మళ్ళుదామనే పిలుపు ఈ లెక్కను సరిచేయకుండా వస్తే, తిరిగి మళ్ళేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఇంకొంచెం కఠినమైన ఉదాహరణ తీసుకుందాం. సంక్రాంతికి సకినాలు చుట్టే వేళ్ళే తక్కిన రోజుల్లో బీడీలు చుడతాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో ఏ వాడకట్టుకు వెళ్ళినా అరుగుమీద చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్న స్త్రీలు కనిపిస్తారు. తునికాకు నానబెట్టాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కొస మడవాలి, కట్టలు కట్టాలి. ఇదీ ఇంట్లోనే జరుగుతుంది, చేతితోనే జరుగుతుంది, పిల్లలూ పక్కనే ఉంటారు. పైకి చూస్తే ఇంటిల్లిపాదీ కలిసి చేసే చేతిపని. కాని తేడా ఎక్కడుంది? వంకర సకినం నూనెలో వేగి పిల్ల చేతికి వస్తుంది. వంకర బీడీని కార్ఖానాలో ఏరి పారేస్తారు; దాని కూలి పోతుంది. సకినం చుట్టేవాళ్ళు మాట్లాడుకుంటూ చుడతారు, చాలనుకున్నప్పుడు లేస్తారు. బీడీ చుట్టే మనిషి వెయ్యి లెక్క పూర్తయ్యేదాకా లేవలేదు. తంబాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లోకీ, అదే గదిలో పడుకున్న పసివాడి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

చట్టాలు కూడా ఈ ఇంటిగడప దగ్గర తడబడినవే. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటిదగ్గర చుట్టేవారిని కార్మికులుగా గుర్తించింది. అది మేలైన పని. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీల తయారీని పిల్లలకు నిషేధించింది. అయితే కుటుంబ సభ్యుల సహాయంతో పని నడిచే చోటికి ఆ నిషేధం వర్తించదని అదే చట్టం మినహాయించింది. 2016లో సవరణ వచ్చి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని అన్ని రకాల పనుల్లోనూ పెట్టరాదన్నది. కుటుంబానికి బడివేళల తర్వాత, ప్రమాదం లేని పనిలో మాత్రం తోడ్పడవచ్చన్నది. 'తోడ్పాటు' ఎంత మెత్తని మాట! సకినం చుట్టిన పిల్లా, రేపటి లెక్క కోసం ఆకు కత్తిరించే పిల్లా ఇద్దరూ తల్లికి తోడ్పడుతున్నవారే. మొదటి పిల్ల విసుగు పుడితే లేచి ఆడుకోవడానికి పోతుంది. రెండవ పిల్ల పోతే ఇంట్లో కూలి తగ్గుతుంది. తల్లి ప్రేమ రెండుచోట్లా ఒకటే. పరిస్థితి ఒకటి కాదు.

చేతిపని విలువను గురించిన వాదం మనకు కొత్తది కాదు. 1925లో రవీంద్రుడు చరఖా ఉద్యమాన్ని విమర్శిస్తూ 'మోడరన్ రివ్యూ' పత్రికలో వ్యాసం రాశాడు. ఒకే కదలికను తెంపు లేకుండా తిప్పే పని బుద్ధిని మొద్దుబారుస్తుందని ఆయన ఆందోళన. పనిలేక పస్తులుండే రైతుకు అది అన్నం పెట్టే సాధనమని, తక్కిన పనులు మానుకోమని తాను ఎవరినీ కోరలేదని గాంధీ సమాధానం. మెట్‌పల్లి ఖాదీకి పేరుపడిన ఊరు. బీడీలకూ పేరుపడిన ఊరే. ఆ ఊరి వీధుల్లో నిలబడి చూస్తే ఇద్దరి మాటల్లోనూ కొంత కొంత నిజం కనిపిస్తుంది. మెతుకు లేనివాడికి మొద్దుబారని బుద్ధి గురించి చెప్పలేం. మెతుకు కోసమే వేళ్ళు యంత్రాలుగా మారినచోట శ్రమ గౌరవాన్ని కీర్తించలేం.

నిర్మల్ నకాషీల పని ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. తేలికైన పొనికి కర్ర చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి అతుకులు పూడ్చి, రంగులు వేసి బొమ్మలు చేస్తారు. పారేసే చింతగింజ కూడా కళకు పనికివచ్చింది. పిల్లలు పెద్దల పక్కన కూర్చొనే పని నేర్చారు. ఆ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాని గుర్తింపు బొమ్మకు దక్కినంత సులువుగా బతుకుతెరువు బొమ్మ చేసేవాడికి దక్కదు. పొనికి చెట్టు అడవిలో కరువైతే నకాషీ ఇంట్లో ఎంత సృజన ఉన్నా ఉలి పక్కన పెట్టవలసిందే. కళ ఇంట్లో పుట్టవచ్చు. దాన్ని నిలబెట్టేవి అడవి, ధర, సంఘం. అవి ఇంటి చేతిలో లేవు.

అయితే ఇంటివంట మానుకోమంటావా, బొంతలు కుట్టడం తప్పంటావా అని ఎవరైనా అడగవచ్చు. అలా అనడం లేదు. ఆ పనులు నిజంగా మంచివి కావడానికి ఏం కావాలో చెప్పుకోవాలంటున్నాను. వద్దనుకుంటే మానుకునే వీలుండాలి. ఆ వీలు లేనిచోట పొదుపును సుగుణమని పొగడకూడదు. పని ఇంట్లో అందరి చేతుల్లోకీ రావాలి; ఒక్కరి నిద్రను మింగి మిగిల్చింది ఆదా కాదు. పిల్లలు చేసే వంకరపనికి ఇంట్లో చోటుండాలి. ఆ చోటు కావాలంటే తల్లిదండ్రుల కూలి పిల్లల వేళ్ళమీద ఆధారపడకుండా ఉండాలి. మొదటిదీ మూడవదీ కూలిరేట్లతో, చట్టాలతో, సంఘాలతో సాధించవలసినవి. వాటికి పోరాటం తప్పదు. రెండవదానికి మాత్రం ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కరలేదు. మగవాళ్ళు సకినాల గుడ్డ చుట్టూ కూర్చుంటే చాలు.

పోయిన సంక్రాంతికి నేనూ కూర్చున్నాను. నా సకినాలు విరిగిపోయాయి, నాలుగు చుట్టేసరికి నడుము పట్టేసింది. అమ్మ వాటినీ నూనెలో వేసింది. ముప్పై ఏళ్ళు దాటాక, ఆమె చేసే పని ఎంత బరువైనదో నా ఒంటికి తెలిసింది అప్పుడే. సాహిత్యం చెప్పుకునే మేము ఇల్లాలి చేతిని ఎన్నోసార్లు వర్ణించాం. ఆ చేతిలోని పనిని పంచుకోవడం ఆలస్యంగా నేర్చుకుంటున్నాం.