చిరం, క్షిప్రం: సర్వర్ లెక్కకు అందని కాలం

కాలం కంటికి కనిపించే వస్తువు కాదని, ముందు, వెనుక, ఏకకాలం, ఆలస్యం, శీఘ్రం అనే వ్యవహారాలను బట్టి దానిని అనుమానప్రమాణంతో తెలుసుకోవలసిందేనని కణాదుని వైశేషిక దర్శనం నిర్ణయించింది. వీటిలో చివరి రెండు గుర్తులనే, అంటే చిరాన్నీ క్షిప్రాన్నీ, నేడు వెబ్ సేవలను కనిపెట్టి ఉండే మానిటరింగ్ సాధనాలు మిల్లీసెకన్లలో లెక్కగడుతున్నాయి. అయితే ఆ లెక్క ఎవరి కాలానిదన్న ప్రశ్న ఇంకా తార్కికులదే.

2016లో మండల కేంద్రంగా మారిన పెద్దవంగరలో ఒక రైతు ధ్రువపత్రం కోసం మీసేవ కేంద్రానికి వచ్చాడనీ, ఆపరేటర్ బటన్ నొక్కగానే రిక్వెస్టు, అనగా సమాచారం కోరుతూ కంప్యూటర్ పంపే విన్నపం, హైదరాబాదులోని సర్వర్‌కు బయలుదేరిందనీ అనుకుందాం. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, దూరం 150 కిలోమీటర్లు వేసుకున్నా రాకపోకలకు ఒకటిన్నర మిల్లీసెకను చాలు. కాబట్టి "సర్వర్ బిజీ" అన్న మాట విని బల్ల మీద కూర్చున్నవారి నిరీక్షణకు కారణం దూరం కాదు, సర్వర్ ముంగిట పేరుకున్న వరుస. ప్రోమీథియస్ వంటి సాధనానికి సర్వర్‌లోని ప్రోగ్రామే లెక్క అప్పజెప్పినప్పుడు, విన్నపం తన చేతికందిన క్షణం నుండే గడియారం మొదలవుతుంది. వరుసలో గడిచినది ఖాతాలోకి ఎక్కదు.

బయటి నుండి కొలిచినా చిక్కు తీరదు. సెకనుకు 10 చొప్పున విన్నపాలు పంపే పరీక్షాయంత్రం 90 సెకన్లలో 900 పంపగా ఒక్కొక్కదానికి 10 మిల్లీసెకన్లలో జవాబు వచ్చి, ఆపైన సర్వర్ 10 సెకన్లు స్తంభించిందనుకుంటే, జవాబు వచ్చేదాకా మరొకటి పంపని ఆ యంత్రం స్తంభన మొత్తాన్నీ ఒకే ఒక్క నమూనాగా రాసుకుంటుంది. సగటు 21 మిల్లీసెకన్లు. నూటికి 99 విన్నపాలు ఎంతలోపు ముగిశాయో చెప్పే 99వ శాతకం 10 మిల్లీసెకన్లే. ఆ 10 సెకన్లలో వెళ్లవలసిన 100 విన్నపాలనూ కలిపి చూస్తే సగటు అర సెకను దాటుతుంది, శాతకం 9 సెకన్లకు చేరుతుంది. ఇంజనీరు గిల్ టెనే పేరుపెట్టి ఎత్తిచూపిన ఈ లోపాన్ని గణితదోషం అనడం కంటే అభావాన్ని గుర్తించలేని దోషం అనడమే సబబు.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దపు తర్కసంగ్రహంలో అభావాన్ని, అంటే లేమిని, ఏడవ పదార్థంగా లెక్కించాడు. ఏది లేదో ఆ వస్తువును, అంటే ప్రతియోగిని, ఎరగకుండా దాని లేమిని ఎరగడం కుదరదని నైయాయికుల మతం. లేమిని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం కావాలన్న భాట్ట మీమాంసకులు వారితో ఎంత వాదించినా, ఉండి ఉంటే కనిపించి తీరవలసిన చోట కనిపించకపోవడమే రుజువన్న నియమం ఇరుపక్షాలకూ సమ్మతమే. పరీక్షాయంత్రానికి ముందే రాసిపెట్టిన వేళలపట్టిక ఉంది కనుక, వెళ్లని విన్నపాలు ఎన్నో తేల్చవచ్చు. మనుషులకు అటువంటి పట్టిక లేదు; విసిగి, రేపు వద్దామని తొర్రూరు బస్సెక్కిన మనిషి పంపని విన్నపపు లేమికి సర్వర్ ఎరిగిన ప్రతియోగి ఉండదు. పైగా అటువంటివారు వెళ్లిపోయిన కొద్దీ వరుస తగ్గి, తెర మీది అంకెలు మెరుగవుతాయి కూడా. కేంద్రం నిర్వాహకుడు వచ్చినవారందరినీ ఒక పుస్తకంలో వేళతో సహా రాసుకుంటే, ఆ పుస్తకాన్ని సర్వర్ లెక్కతో సరిపోల్చినప్పుడు మాత్రమే లేనివారి సంఖ్య బయటపడుతుంది.