కుండీలో కరివేపాకు

సెప్టెంబరు ముగుస్తోంది. టొరంటోలో, బ్రాంప్టన్‌లో వింటున్నవాళ్ళు కాఫీ తాగాక ఒక్కసారి పెరట్లోకి వెళ్ళండి. కరివేపాకు కుండీని చూసి రండి.

అది వేడి నేలలో పుట్టిన చెట్టు. గడ్డకట్టే చలికి తట్టుకోలేదు. ఒక్క రాత్రి మంచు పట్టిందంటే, తెల్లారేసరికి లేత చిగుళ్ళు నల్లబడి వేలాడతాయి. చలి ముదరకముందే లోపలికి తెచ్చుకోండి. తెచ్చేముందు ఆకు తిప్పి అడుగున చూడండి. సన్నటి బూజు దారాలు కనిపిస్తే నల్లి పట్టినట్టే. నీళ్ళతో బాగా కడగండి.

కుండీని దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి. అయినా చలికాలంలో ఆకు రాలుస్తుంది. అప్పుడే మనకి కంగారు. ఎండిపోతోందని రోజూ నీళ్ళు పోస్తాం. వేళ్ళు కుళ్ళిపోతాయి. నా మొదటి చెట్టుని అలాగే పోగొట్టుకున్నాను. ప్రేమకొద్దీ పోసిన నీళ్ళే అవి.

ఆకు రాల్చిన చెట్టు చావలేదండీ, నిద్రపోతోంది. నిద్రపోనివ్వండి. మట్టిలో వేలు పెట్టి చూడండి. పొడిగా తగిలితేనే కాసిని నీళ్ళు. అనుమానమొస్తే గోటితో కొమ్మను కొద్దిగా గీరండి. లోపల పచ్చగా ఉందా? నిద్రలోనే ఉంది.

మే నెలలో విక్టోరియా డే వస్తుంది. ఇక్కడివాళ్ళు లేత మొక్కల్ని బయట పెట్టేది ఆ రోజుల్లోనే. మన కుండీ కూడా అప్పుడే. ముందు నీడలో, రోజుకి కాసేపు. పసిబిడ్డని ఎండకి అలవాటు చేసినట్టు.

ఆ తర్వాత ఒక ఉదయం కొమ్మ చివర లేత చిగురు కనిపిస్తుంది. మొదటి రెబ్బ పోపులో చిటపటమంటుంది. పై గదిలోంచి పిల్లలు కిందికి దిగి వస్తారు.