రక్షించిన చిలుక యెవరిది?

తెలుగువారి యిండ్లలో చిలుకకున్న మన్నన మఱియే పక్షికిని లేదు. ముద్దుమాటల బిడ్డను చిలుక యందుము. చీర యంచులలో చిలుకలను నేయింతుము. ఇంతటి ప్రీతికి పాత్రమైన ప్రాణిని పంజరమున నుంచుట న్యాయమా యను ప్రశ్న పాతదే. దానికంటె సూక్ష్మమైన ప్రశ్న మఱియొకటి కలదు. వేటకాని వలనుండియో, పిల్లి వాతినుండియో, గాలివానకు కూలిన చెట్టుతొఱ్ఱనుండియో కాపాడి తెచ్చిన చిలుక మాట యేమి? ప్రాణము నిలిపినవానికి ఆ ప్రాణముపై హక్కు కలుగునా?

కలుగునని చెప్పుట సులభము. తిండి పెట్టితిమి, మందు వేసితిమి, రాత్రులు మేల్కొని వెచ్చగా కాచితిమి. అది మన భుజముపై వ్రాలి మన మాటలే పలుకుచున్నది. ఇంక దానికి కొఱత యేమి యందుము. కాని యీ ప్రశ్నకు సమాధానము మన మమకారములో దొరకదు. చిలుక జాతిస్వభావములో వెదకవలెను.

రామచిలుక గుంపులో బ్రదుకు పక్షి. అది గూడు అల్లదు. వడ్రంగిపిట్ట తొలిచి విడిచిన తొఱ్ఱనో, పాతగోడలోని రంధ్రమునో ఆశ్రయించి గ్రుడ్లు పెట్టును. దాని పాదమున రెండు వ్రేళ్లు ముందునకును రెండు వెనుకకును ఉండును. అందుచేతనే పండును చేత పట్టినట్లు పట్టి తినగలదు. కొమ్మల వెంట ప్రాకునప్పుడు ముక్కే మూడవకాలు. మగపిల్లకు మెడచుట్టు వలయ మేర్పడుటకే రెండు మూడేండ్లు పట్టును. ప్రొద్దు గ్రుంకువేళ వందలకొలది చిలుకలు ఒక్కచోట చేరి, కలకలము చేసి, పిదప నిదురించును. ఏకాంతము దాని స్వభావములో లేదు.

పలుకు సంగతియు నంతియే. వెనిజులా దేశపు చిన్నచిలుకల జాతినొకదానిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2011లో ఒక విశేషమును ప్రకటించిరి. తలిదండ్రులు గూటిలోని పిల్లలకు వేఱువేఱు పిలుపుల నొసగుననియు, పిల్లలు వానినే కొలది మార్పులతో తమవిగా నేర్చుకొనుననియు వారు కనుగొనిరి. అనగా పలుకు నేర్చుట చిలుకకు విద్యాప్రదర్శనము కాదు; తనవారిలో తానొకటిగా చేరు మార్గము. పంజరములోని చిలుక మన పేరు పిలిచినప్పుడు దాని తెలివికి మురియుదుము. అది వెదకుచున్నది గుంపును. బదులు చెప్పుటకు మనము తప్ప వేఱెవరును లేరు. హోసూరులోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను, ఇతరభాషల నడుమ తరతరములుగా తెలుగును నిలుపుకొనుచున్న మనకు, పలుకునకు బదులుపలుకు లేకున్న నేమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్లయిన పంజరపు తలుపు తెఱచిన చాలునా? చాలదు. మనుష్యుల చేతిలో పెరిగిన పిల్లకు మేత వెదకుట తెలియదు, డేగను చూచి దాగుట తెలియదు. దాని నొంటరిగా విడుచుట రెండవ హింస. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణలును, మన దేశపు చిలుకలను పట్టుటను, అమ్ముటను, ఇండ్ల నుంచుకొనుటను నిషేధించినవి. దొరికిన పక్షిని అటవీశాఖవారికి అప్పగించుట ధర్మమును, చట్టమును గూడ. తన జాతివాని నడుమ రెక్కలకు బలము చేకూరిన పిదప అది యెగురగలదు. రెక్క విఱిగి యెన్నటికిని ఎగురలేనిది సయితము తనవానితో గూడి బ్రదుకవచ్చును.

చిలుక మిరపపండును ఎంతో యిష్టముగా తినును. మిరపలోని మంట దాని నాలుకకు తెలియదు. మనకు మంటయైనది దానికి విందు. అట్లే మనకు హాయియైన యింటినీడ దానికి చెఱ కావచ్చును. ఎదుటి ప్రాణి రుచి నెఱుగక చేసిన దయ సగము దయయే.

భద్రాచల రామదాసు కథ మనలో నెఱుగనివారుండరు. ఆలయమునకై సర్కారు ధనము వెచ్చించెనని గోలకొండ చెఱలో పన్నెండేండ్లు మ్రగ్గెననియు, పూర్వజన్మమున ఒక చిలుకను పన్నెండేండ్లు పంజరమున నుంచిన ఫలమే అదియనియు జనశ్రుతి. ఆ చిలుకను కొట్టెననిగాని పస్తుంచెననిగాని జనులు చెప్పుకొనరు, ముద్దుగానే పెంచియుండవచ్చును. పూర్వజన్మమును నమ్మినను నమ్మకున్నను, మన పెద్దలు లెక్కించినది క్రౌర్యమును కాదు, బంధమును.

శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి చేత చిలుక యుండును. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కీర్తించిన గోద యీమెయే. ఆ చిలుకను ప్రతిదినము ఆకులతోను పూలతోను క్రొత్తగా కట్టుదురు. చిలుక యందమును ఆరాధించుటకు చిలుకను బంధింపనక్కఱలేదని ఆ యలంకారమును చూచి మనము గ్రహింపవచ్చును.

కాపాడినవాడు యజమానుడు కాడు. సొమ్మును కొంతకాలము కావలి కాచువాడు. సొమ్మును సొంతదారునకు అప్పగించిననాడే ఆ కావలి నెఱవేఱును. చిలుకకు సొంతదారు చిలుకయే.