ఫ్రేమ్ రేటు, క్షణికవాదం: తెంపులేనితనం ఎక్కడుంది?

కంప్యూటర్ గేమ్ తెర మీద నిజంగా కదిలేది ఏదీ లేదు. పరుగెత్తే మనిషి, దూసుకుపోయే కారు, ఒడ్డును తాకే అల, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చే నిశ్చల చిత్రాలే. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సెకనుకు ఎన్ని ఫ్రేములు తయారవుతాయో అదే ఫ్రేమ్ రేటు, ఆటగాళ్ళ మాటలో ఎఫ్‌పీఎస్. 30 ఎఫ్‌పీఎస్ దగ్గర ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 60 దగ్గర 16.7, 144 దగ్గర 6.9 మిల్లీసెకన్లు మాత్రమే. గడువు తీరగానే ఆ ఫ్రేము పోయి కొత్తది వస్తుంది. మొదటి ఫ్రేములోని మనిషి రెండో ఫ్రేములోకి నడిచి రాడు. అతణ్ని, అతని నీడను, కాలికింది గడ్డిని మళ్ళీ మొదటి నుంచి గీయాల్సిందే. అయినా చూసేవారికి మనిషి ఒక్కడే, పరుగు ఒక్కటే.

ఈ ఏకత్వం ఎక్కడిది? వస్తువులోనే ఉందా, చూసే మనసు కల్పించుకుందా, లేక ఒక క్షణానికీ మరుసటి క్షణానికీ ఉన్న సంబంధంలో ఉందా? భారతీయ దర్శనాలు వెయ్యేళ్ళకు పైగా వాదించుకున్న ప్రశ్న ఇది. ఆ వాదంలో ఒక పక్షానికి ఆంధ్రదేశంతో గట్టి సంబంధం ఉంది.

విశాఖ తీరం, శైల శాఖలు

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, మంగమారిపేట దగ్గర సముద్రానికి ఎదురుగా తోట్లకొండ ఉంది. 1976లో నౌకాదళం జరిపిన ఏరియల్ సర్వేలో అక్కడి శిథిలాలు కంటబడ్డాయి. 1988 నుంచి 1992 వరకు తవ్వకాలు జరిగి స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు బయటపడ్డాయి. దగ్గర్లోనే బావికొండ, అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ. క్రీస్తుకు ముందు, తర్వాత కొన్ని శతాబ్దాలపాటు ఈ తీరమంతా విహారాలతో నిండి ఉండేది.

ఆ యుగంలోనే ఆంధ్రదేశంలో పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక అనే బౌద్ధ శాఖలు వర్ధిల్లాయి. పాళీ వ్యాఖ్యాతలు ఈ నాలుగింటినీ కలిపి అంధకులని వ్యవహరించారు. స్థవిరవాదుల అభిధమ్మ పిటకంలోని కథావత్థు గ్రంథం ఇతర శాఖల మతాలను ఒక్కొక్కటిగా ఎత్తి ఖండిస్తుంది. అందులో 22వ వర్గంలో క్షణం మీద చర్చ ఉంది. అక్కడి ప్రతిపక్షులు పూర్వశైలులు, అపరశైలులేనని వ్యాఖ్యానం చెబుతుంది. హేతువుల వల్ల పుట్టిన ప్రతిదీ అనిత్యం, అనిత్యం కనుక ఏదైనా ఒక్క చిత్తక్షణమే, అంటే మనసు ఒకసారి మెదిలేంత కాలమే, నిలుస్తుందని వారి సిద్ధాంతం. ఇదే క్షణికవాదం. అన్నీ అనిత్యమే అయినప్పుడు ఒకటి త్వరగా, మరొకటి ఆలస్యంగా నశించాలనే నియమం ఎక్కడిదని వారి ప్రశ్న. స్థవిరవాదులు ఎదురు ప్రశ్న వేశారు. అలాగైతే ఈ మహాపృథ్వి, సముద్రం, మేరుపర్వతం, గడ్డి, చెట్లు మనసులోనే నిలబడి ఉన్నాయా?

స్థవిరవాదులు తర్వాతి కాలంలో దీనికి ఒక లెక్క కట్టారు. రూపం, అంటే భౌతిక వస్తువు, 17 చిత్తక్షణాలపాటు నిలుస్తుంది. ఒక రూపం కంటికి తగిలినప్పుడు మనసు దాన్ని అందుకుని, పరిశీలించి, నిర్ణయించి, అనుభవించి విడిచిపెట్టే దశలన్నీ కలిపి ఆ 17. వస్తువుకు ఒక లయ, మనసుకు ఒక లయ అన్నమాట. గేమ్‌లోనూ గ్రాఫిక్స్ కార్డు ఫ్రేములు తయారుచేసే వేగం ఒకటి, మానిటర్ తెరను మార్చే వేగం మరొకటి. రెండు లయలు కుదరనప్పుడు ఏమవుతుందన్నది స్థవిరవాదులకూ ఆటగాళ్ళకూ ఎదురయ్యే చిక్కే.

బౌద్ధాచార్యుడు వసుబంధుడి అభిధర్మకోశం క్షణానికి కొలత కూడా ఇచ్చింది. 120 క్షణాలు ఒక తత్‌క్షణం, 60 తత్‌క్షణాలు ఒక లవం, 30 లవాలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక అహోరాత్రం. గుణిస్తే రోజుకు 64,80,000 క్షణాలు, అంటే సెకనుకు 75. నేటి మానిటర్లలో 75 హెర్ట్‌జ్ రకం ఒకటి ఉండడం కాకతాళీయమే. ప్రాచీనులు కంప్యూటర్ తెరను ముందే ఊహించారనడానికి ఇది ఆధారం కాదు. అయితే నిరంతరంగా కనిపించేదాన్ని ముక్కలుగా లెక్కించవచ్చనే ధైర్యం ఆ లెక్కలో ఉంది.

చిత్రాల నుంచి కదలిక

విడివిడి చిత్రాలు కదలికగా కనిపించడాన్ని 1912లో మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్తైమర్ ప్రయోగాలతో పరిశీలించాడు. భారతీయులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అలాతచక్రాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. చీకట్లో కొరివిని గిరగిరా తిప్పితే నిప్పు వలయం కనిపిస్తుంది. వలయం కొరివిలో లేదు, బయటి నుంచి రాలేదు, తిప్పడం ఆపితే ఎక్కడికీ పోదు. అద్వైతాచార్యుడు గౌడపాదుడు మాండూక్య కారికల నాలుగో ప్రకరణానికి అలాతశాంతి అనే పేరే పెట్టాడు. కనిపించే జగత్తు చిత్తస్పందన మాత్రమేనని చెప్పడానికి ఆయన ఈ దృష్టాంతాన్ని వాడాడు.

అలాగని కొరివిని ఎంత వేగంగా తిప్పితే వలయం అంత సత్యమైపోదు. ఫ్రేమ్ రేటు విషయంలోనూ అంతే. 60 నుంచి 144కు పెంచితే ఫ్రేముల మధ్య ఖాళీ చిన్నదవుతుంది తప్ప మాయం కాదు. నిరంతరత సంఖ్యతో వచ్చేది కాదని ఆటగాళ్ళకు అనుభవంలో తెలుసు. ఒక సెకనులో 59 ఫ్రేములు ఒక్కోటి 15.25 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్క ఫ్రేము మాత్రం 100 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. సగటు దాదాపు 60 ఎఫ్‌పీఎస్. కానీ ఆ ఒక్క ఫ్రేము దగ్గర ఆట ఆగి తూలినట్టు కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకే సగటుతో పాటు అన్నిటికంటే ఆలస్యమైన ఒక శాతం ఫ్రేములనూ కొలుస్తారు. నిలకడగా 50 వచ్చే ఆట, 40కీ 90కీ మధ్య ఊగే ఆటకంటే హాయిగా ఉంటుంది. ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టుకోమనే సలహా వెనక కారణం ఇదే. తెంపులేనితనం క్షణాల సంఖ్యలో లేదు, ఒకదాని తర్వాత ఒకటి వేళ తప్పకుండా అందడంలో ఉంది.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఇది కంటితో చూడదగిన విషయం. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారాన్ని, ఉక్కునంతా కంటిన్యువస్ కాస్టింగ్ పద్ధతిలో పోతపోసేలా నిర్మించారు. కన్వర్టర్‌లో ఉక్కు విడతలు విడతలుగానే తయారవుతుంది, కరిగిన ఉక్కును మోసే లాడిల్ వెనక లాడిల్‌గానే వస్తుంది. లాడిల్‌కూ అచ్చుకూ మధ్య టండిష్ అనే తొట్టి ఉంటుంది. ఒక లాడిల్ ఖాళీ అయి మరొకటి వచ్చేలోగా అందులోని లోహం ధారను నిలబెడుతుంది. కింద బ్లూమ్ అనే ఉక్కు దిమ్మ తెగకుండా సాగుతుంది. తర్వాతి లాడిల్ వేళకు రాకపోతే ఆ ధార తెగుతుంది. విడతలు విడతలే, ధార ధారే; రెండూ నిజమే. గేమ్‌లో గీసి సిద్ధంగా ఉంచిన ఫ్రేముల బఫర్ చేసే పనీ ఇదే.

సెట్టింగ్స్, హేతు విచారణ

ఒక ఫ్రేము వేళకు పుట్టాలంటే ఎన్నో హేతువులు కలవాలి. శత్రువు ఎటు కదలాలి, గోడ ఎలా కూలాలి అనే లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. వెలుగు, నీడ, రంగు గ్రాఫిక్స్ కార్డు దిద్దుతుంది. బొమ్మల ఉపరితలాలకు చుట్టే టెక్స్చర్లు కార్డు సొంత మెమరీలో ఉండాలి. చాలకపోతే ప్రధాన మెమరీ నుంచి తెచ్చుకోవడంలో ఆట మధ్యమధ్య బిగుసుకుపోతుంది. విశాఖ వంటి తీర నగరంలో వేసవి ఉక్కకు, ఫ్యాన్లలో పేరుకున్న దుమ్ముకు చిప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు ఏ సెట్టింగూ మార్చకపోయినా ఫ్రేములు పడిపోతాయి. హేతుసామగ్రిలో ఒక్కటి లోపించినా కార్యం ఆగుతుందనే ప్రతీత్యసముత్పాద సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అడ్డుపడుతున్న హేతువు ఏదో తెలుసుకోవడానికి దార్శనికులు వాడిన అన్వయవ్యతిరేకాలే పనికొస్తాయి. ఒకటి ఉంటే కార్యం ఉండడం అన్వయం, అది లేకపోతే కార్యం లేకపోవడం వ్యతిరేకం. రిజల్యూషన్ ఒక్కటే తగ్గించి చూడాలి. 3840×2160 తెరలో 82,94,400 చుక్కలుంటే 1920×1080లో 20,73,600 మాత్రమే, సరిగ్గా నాలుగో వంతు. అలా తగ్గించగానే ఎఫ్‌పీఎస్ పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్టు. అప్పుడు షాడోస్, రిఫ్లెక్షన్స్, పొగమంచు, మూలల్లో మసక నీడలు తగ్గించాలి. పెరగకపోతే ప్రాసెసరే అడ్డు. జనసమూహాల సాంద్రత, చూపు దూరం తగ్గించాలి. ఒక్కసారిగా పది సెట్టింగ్స్ మార్చినవారికి ఫలితం దొరకవచ్చు గాని కారణం దొరకదు.

గుర్తింపు మీద వాదం

క్షణికవాదానికి నైయాయికుల, అంటే న్యాయ దర్శనం వారి, ప్రధాన ఆక్షేపణ ప్రత్యభిజ్ఞ, అంటే గుర్తింపు. నిన్నటి కుండను చూసి ఇది అదే కుండ అని అందరూ గుర్తుపడతారు. వస్తువు ప్రతి క్షణం కొత్తదైతే ఆ గుర్తింపు ఎలా పొసగుతుంది? వారిలో ఉదయనాచార్యుడు ఆత్మతత్త్వవివేకంలో బౌద్ధుల క్షణభంగ వాదాన్ని విస్తారంగా ఖండించాడు. బౌద్ధుల సమాధానం ఇది: దీపజ్వాల ప్రతి క్షణం కొత్తదే అయినా అదే జ్వాల అంటాం, కత్తిరించాక మళ్ళీ పెరిగిన గోళ్ళనూ అవే గోళ్ళంటాం. పోలిక వల్లా, కారణకార్య పరంపర వల్లా అదే అనే బుద్ధి పుడుతుంది. ఆ పరంపరకు వారు పెట్టిన పేరు సంతానం.

గేమ్ విషయంలో నైయాయికుడు ఒక అడుగు ముందుకు వేయగలడు. ఫ్రేములు క్షణికమే కావచ్చు. కానీ ఆటగాడు ఎక్కడున్నాడు, ఎంత ప్రాణం మిగిలింది, ఏ తలుపు తెరిచాడు అనే సంగతులు మెమరీలో నిలిచి ఉన్నాయి. స్థిరమైన ఆ ఆధారం వల్లనే ఫ్రేములు ఒకదానికొకటి పొసిగాయి. వాదం బలమైనదే. కానీ మెమరీ చిప్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. డీర్యామ్‌లో ప్రతి సున్నా, ప్రతి ఒకటీ అతి చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా ఉంటుంది. ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది. సాధారణంగా 64 మిల్లీసెకన్లలోగా చదివి మళ్ళీ నింపకపోతే సంగతి చెరిగిపోవచ్చు. నిలిచి ఉందనుకున్నది కూడా ఎడతెగక తిరగరాస్తుండడం వల్లనే నిలిచింది. నైయాయికుడు అప్పుడు కెపాసిటర్ స్థిరం కదా అంటాడు, బౌద్ధుడు దాన్నీ పరమాణువుల సంతానమంటాడు. వాదం ఒక మెట్టు కిందికి దిగుతుంది, తెగదు. దీనితో తేలేది ఒకటి: ఏ మెట్టు దగ్గర చూసినా స్థిరత్వం ఊరికే దొరకడం లేదు, ఏదో ఒక క్రియ దాన్ని నిలబెడుతోంది.

కల్పిత ఫ్రేములు

2022లో ఎన్‌విడియా డీఎల్ఎస్ఎస్ 3తో, 2023లో ఏఎమ్‌డీ ఎఫ్ఎస్ఆర్ 3తో ఫ్రేమ్ జనరేషన్ తెచ్చాయి. గేమ్ లెక్కించిన రెండు ఫ్రేముల నడుమ ఒకదాన్ని ఊహించి చొప్పించడం ఈ పద్ధతి. తెర మీద ఎఫ్‌పీఎస్ అంకె బాగా పెరుగుతుంది, కదలిక నున్నగా కనిపిస్తుంది. కానీ ఊహించిన ఫ్రేములో ఆటగాడు నొక్కిన బటన్‌కు స్పందన ఉండదు. పైగా తర్వాతి అసలు ఫ్రేము వచ్చేదాకా ఆగాలి కనుక కొంత ఆలస్యమూ చేరుతుంది.

7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి సత్తుకు ఇచ్చిన లక్షణం ఇక్కడ గీటురాయి. ఏది అర్థక్రియ చేయగలదో, అంటే ఫలితం కలిగించగలదో, అదే సత్తు. అసలు ఫ్రేము వెనక ఆటగాడి చర్య, ఆట నియమం, వాటి ఫలితం ఉన్నాయి. కల్పిత ఫ్రేము కంటికి హాయి కలిగిస్తుంది గాని ఆటలో దేన్నీ మార్చదు. చూడడానికి ఒకేలా ఉన్న రెండింటిలో ఒకటి హేతుపరంపరలో భాగం, మరొకటి దాని మీద పరిచిన పొర. ముందే బాగా నడుస్తున్న ఆటకు ఈ పద్ధతి అందం తెస్తుంది. 25 ఎఫ్‌పీఎస్‌తో ఈడుస్తున్న ఆటను అంకెల్లో 50 చేసినా చేతికి బరువు తగ్గదు.

చూసేవాడి ప్రశ్న

ఇక మిగిలింది చూసేవాడు. శంకరాచార్యులు బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం, రెండో పాదం, 25వ సూత్ర భాష్యంలో స్మృతిని ఆధారంగా తీసుకున్నారు. నిన్న చూసినవాడూ నేడు తలచుకునేవాడూ ఒక్కడే కాకపోతే జ్ఞాపకానికి అర్థం లేదు. వేలాది ఫ్రేములను ఒక ఆటగా కూర్చేవాడు ఆ ఫ్రేముల్లో ఒకడు కాజాలడు. బౌద్ధుడు ఆ జ్ఞాతను కూడా చిత్తక్షణాల సంతానంగానే చెబుతాడు. యోగసూత్రాల వ్యాసభాష్యం మధ్యస్థంగా నిలుస్తుంది: క్షణం వాస్తవం, రెండు క్షణాలు ఒకేసారి ఉండవు కనుక వాటి క్రమం బుద్ధి కూర్చినది, ముహూర్తాలూ రోజులూ ఆ కూర్పులే.

గేమ్ తెర ఈ మూడింటిలో ఏదో ఒకటి నిజమని నిరూపించదు. తెర ముందు కూర్చున్నవాడి స్వరూపం తెర మీది చిత్రాల వల్ల తేలేది కాదు. అయితే కలగాపులగంగా ఉన్న మూడు ప్రశ్నలను అది విడదీసి చూపుతుంది. కనిపించేది క్షణికమా అన్న ప్రశ్నకు ఫ్రేము అవునని చెబుతుంది, అక్కడ శైల శాఖలవారి మాట నిలుస్తుంది. కనిపించేదానికి ఆధారం స్థిరమా అన్నప్పుడు, నిలబెడుతూ ఉంటే నిలుస్తుందని మెమరీ చెబుతుంది. చూసేవాడు స్థిరమా అన్న మూడో ప్రశ్న పరికరానికి అందదు. అది ఆత్మవిచారణకే మిగులుతుంది.

క్షణికవాదం బౌద్ధులకు లెక్కల సరదా కాదు, పట్టు సడలించే సాధన. నిలవని క్షణాన్ని పట్టుకోవాలనే తపనే దుఃఖమని వారి బోధ. ఎఫ్‌పీఎస్ మీటర్ వైపే చూస్తూ మరో పది ఫ్రేముల కోసం కొత్త కార్డుల వెంట పడేవారికి ఆ బోధ నేరుగా తగులుతుంది. అలాగని ప్రయత్నం మానమని దాని అర్థం కాదు. ఒక్కొక్కటిగా హేతువులు సరిచూసి, అవసరం లేని భారం దించి, ఫ్రేములు వేళ తప్పకుండా వచ్చేలా చేసి, అక్కడితో మీటర్ కట్టేసి ఆటలో నిమగ్నం కావడం ఆ బోధకు తగిన ఆచరణ.