దీపం ఉండగానే

"ఇదిగో, ఇది కాస్త చూడు" అంటూ మావారు సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక రంగుల పుస్తకం నా పక్కన పడేశారు. పచ్చటి చెట్లూ, పెంకుల కప్పుతో చిన్న చిన్న ఇళ్ళూ, తెల్లజుట్టు దంపతులు నవ్వుకుంటూ నడిచే బొమ్మలూ ఉన్నాయందులో. తీర్థయాత్రల కంపెనీవాళ్ళ పుస్తకమేమో అనుకున్నాను. కాదుట. రిటైరైనవాళ్ళ కోసమే కట్టిన కాలనీట. అక్కడ మనమో ఇల్లు తీసుకుంటే ఎలా ఉంటుందని ఆయన ప్రశ్న.

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదాన్ని ఆగిపోయాను.

"మనకప్పుడే ఏం వచ్చిందండీ? కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయిగా?"

"ఆడుతున్నాయి కనకనే అడుగుతున్నాను" అన్నారాయన.

ఆ మాటకి నాకు వెంటనే జవాబు దొరకలేదు. కూర మాత్రం మాడింది.

ఆయనకి 67, నాకు 62. ఇది ముసలితనమా కాదా అంటే ఎవరి లెక్క వాళ్ళది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం 60 నిండితే వృద్ధులే. రైల్వేవాళ్ళయితే టిక్కెట్టు రాయితీ కోసం ఆడవాళ్ళకి 58 ఏళ్ళకే పెద్దరికం కట్టబెట్టేవారు. 2020 మార్చిలో ఆ రాయితీ నిలిపేశారు. నాకు 58 నిండింది 2021లో! అంచేత చట్టం దృష్టిలో నేను ముసలిదాన్నే గానీ, ఆ ముసలితనం వల్ల నాకు ఒక్క రూపాయి కలిసిరాలేదు. ఇక నా మనసులో నా వయసంటారా, అది నలభై దగ్గరే ఎక్కడో ఆగిపోయింది. మీకూ అంతే కదూ?

ఈ మాట మా వదినతో అన్నానో లేదో ఆవిడ నోరు నొక్కుకుంది. "రత్నంలాంటి కొడుకుని పెట్టుకుని వృద్ధాశ్రమానికి వెళ్తారుటే? వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

వృద్ధాశ్రమం కాదు వదినా అని చెప్పబోయాను. దిక్కులేనివాళ్ళకి ఎవరో దయతలిచి అన్నం పెట్టే చోటు వేరు. మన డబ్బుతో మనం ఇల్లు కొనుక్కునో, అద్దెకి తీసుకునో, మన తలుపు మనం వేసుకుని ఉండే చోటు వేరు. ఇక్కడ కావాలంటే వండుకోవచ్చు, వద్దంటే భోజనశాల ఉంటుంది. నర్సు ఉంటుంది. రాత్రి గుండెల్లో నొప్పొస్తే మీట నొక్కితే ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు. అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలో, సన్ సిటీ అని ఒక ఊరు ఉంది. అది 1960 జనవరి 1న మొదలైంది. 50 దాటినవాళ్ళ కోసమని ఎడారి పక్కన ఊరికి ఊరే కట్టారు. మన దేశంలో ఇలాంటి కాలనీలకి కోయంబత్తూరు పెట్టింది పేరు. ఎండ మరీ మండదు, ఆస్పత్రులకి కొదవలేదు. మాకు పుస్తకం వచ్చిందీ అక్కణ్ణించే.

సరే, చూస్తే పోయేదేముందని మాఘమాసంలో విజయవాడలో రైలెక్కి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాం.

చోటు బావుంది. గడపల్లేని గుమ్మాలూ, కాలు జారని నేలా, స్నానాలగదిలో గోడకి పట్టుకునేందుకు కడ్డీలూ. కడ్డీ చూసి మొదట నవ్వొచ్చింది. మూడో రోజు స్నానం చేసి లేస్తూ, తెలీకుండానే దాన్ని పట్టుకున్నాను. ఇక నవ్వలేదు. భోజనంలో నాలుగు రోజులూ సాంబారే. గోంగూర ఊసే లేదు. పొద్దున్న నడకా, సాయంత్రం భజనా, చదరంగం, కబుర్లూ. కానీ ఎంత తిరిగినా ఏదో వెలితిగా అనిపించింది. అదేమిటో రెండో రోజుకి గానీ బోధపడలేదు. పసిపిల్ల ఏడుపు వినిపించలేదు. స్కూలు బస్సు హారను లేదు. "ఆంటీ, మా బంతి మీ బాల్కనీలో పడింది" అనేవాడు లేడు. ముసలివాళ్ళు మాత్రమే ఉన్న ఊరు, పాపం, ఎంత శుభ్రంగా ఉన్నా సగం ఊరే కదా!

అక్కడ ఒక తెలుగావిడ తగిలారు. డెబ్బై అయిదేళ్ళుంటాయి. నేను తెలుగులో మాట్లాడగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. దంపతులిద్దరూ ఆరేళ్ళ క్రితం వచ్చారుట. వచ్చిన నాలుగో ఏట ఆయన పోయారు.

"పిల్లలు వచ్చారు, రమ్మన్నారు. నేనే వెళ్ళలేదు" అన్నారావిడ. "మనిషి పోయిన దుఃఖం ఒకటీ, కొత్త ఊళ్ళో కొత్త మొహాలు ఒకటీ, రెండూ ఒకేసారి మొయ్యలేనమ్మా. ఇక్కడైతే ఆయన ఏ కుర్చీలో కూర్చునేవారో కూడా అందరికీ తెలుసు. పద్మక్కా, ఇవాళ భోజనానికి రాలేదేం అని తలుపు కొడతారు. ఆ తలుపు కొట్టేవాళ్ళని సంపాదించుకోడానికి నాలుగేళ్ళు పట్టింది. ఓపిక ఉండగా వచ్చాను కనక సంపాదించుకున్నాను."

ఆ తర్వాత ఆవిడే ఇంకో మాటా అన్నారు. "అయితే ఒకటి చెప్తాను విను. ఇక్కడ ఏడాదికి నాలుగైదు కుర్చీలు ఖాళీ అవుతాయి. దానికి అలవాటు పడతామంటారు గానీ, పడం."

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని ఇదే ఆలోచించాను. ఓపిక ఉండగా వెళ్తే, ఇంకా అక్కర్లేని సాయం కోసం ఉన్న ఊరూ, పాలవాడూ, పక్కింటి పిల్లలూ, ముప్ఫై ఏళ్ళ పరిచయాలూ వదులుకోవాలి. ఓపిక పోయాక వెళ్తే, మనం వెళ్ళం, మనల్ని తీసుకెళ్తారు.

తీసుకెళ్ళడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఎందుకంటే తీసుకొచ్చినదాన్ని నేనే.

మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. మావగారు పోయాక ఆ పెంకుటింట్లో ఒక్కర్తే పన్నెండేళ్ళుంది. ఆవు, పెరట్లో కరివేపాకు చెట్టు, అరుగు మీద సాయంకాలం చేరే నలుగురాడవాళ్ళు, ఇదీ ఆవిడ సంసారం. రమ్మంటే "ఇక్కడ నాకేం లోటే?" అనేది. మేమూ గట్టిగా అనలేదు. ఆ పైసంగతి ఆవిడా మాట్లాడలేదు, మేమూ అడగలేదు. ఎనభై రెండో ఏట నూతి దగ్గర కాలు జారి తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక ఆస్పత్రి నుంచి తిన్నగా మా ఇంటికి తీసుకొచ్చాం.

"ఎన్నాళ్ళే?" అని అడిగింది. "పది రోజులేనండి, కాస్త కోలుకోగానే పంపిస్తాం" అన్నాను నేను.

పది రోజులు నాలుగేళ్ళయింది. తిండికి లోటు చెయ్యలేదు. మందులు వేళ తప్పలేదు. కానీ మూడో అంతస్తులో ఆ గదిలో ఆవిడకి తెలిసిన మనిషంటూ మేము తప్ప ఎవరూ లేరు. ఎనభై రెండేళ్ళప్పుడు కొత్త స్నేహాలు ఎక్కణ్ణించి వస్తాయి చెప్పండి? రోజూ దీపాలు పెట్టేవేళకి అడిగేది, "ఇంటికెప్పుడు వెళ్దామే?" అని. "ఇంకో పది రోజులండి" అనేదాన్ని. రెండో ఏట ఆ ఇల్లు అద్దెకిచ్చేశాం. వచ్చినవాళ్ళు తాళం మార్చుకున్నారు. ఆవిడకి చెప్పలేదు. పాత తాళంచెవి మాత్రం చివరి రోజుదాకా బొడ్లో దోపుకునే ఉంది. స్నానం చేయించిన ప్రతిసారీ దాన్ని తీసి పక్కన పెట్టి, మళ్ళీ ఆవిడ చేతికిచ్చింది నేనే.

అందరూ నన్ను మంచి కోడలన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తాళంచెవి గుర్తొచ్చేది.

ఇప్పుడాలోచిస్తే, అబద్ధం చెప్పిన తప్పు నాదే అయినా, ఆ అబద్ధం అవసరమైన పరిస్థితి మా అందరిదీ. మాట్లాడుకోవలసిన రోజుల్లో మాట్లాడుకోలేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. దీపం కొడిగట్టాక మేము చీకట్లో తడుముకున్నాం.

పెద్దవాళ్ళకి ఈ సంగతి తెలీక కాదు. వానప్రస్థం అని ఎందుకు పెట్టారు? వొంట్లో శక్తి పూర్తిగా ఉడిగాక కాదు, జుట్టు నెరిసి, మనవణ్ణి ఎత్తుకున్నాక వెళ్ళమన్నాడు మనువు. అయితే భార్యని కొడుకులకి అప్పగించైనా వెళ్ళొచ్చు, వెంటబెట్టుకునైనా వెళ్ళొచ్చన్నాడు. రెండిట్లో ఆవిణ్ణి అడగడమన్న ఊసు లేదు, చూశారా! మా ఇంట్లో కనీసం పుస్తకం నా పక్కన పడేశారు.

అడక్కుండానే తన దారి తను తేల్చుకున్న ఆడది నాకు భారతంలో ఒక్కతే కనిపిస్తుంది. యుద్ధమయ్యాక పదిహేనేళ్ళకి ధృతరాష్ట్రుడు అడవికి బయల్దేరతాడు. కళ్ళకి గంతలు కట్టుకున్న గాంధారికి దారి చూపిస్తూ కుంతి ముందు నడుస్తుంది. సాగనంపడానికే అనుకుంటారు కొడుకులు. తీరా ఆవిడ తిరిగి రానంటుంది. భీముడూ ధర్మరాజూ ఏడుస్తారు. మమ్మల్ని యుద్ధానికి పురిగొల్పి, రాజ్యం వచ్చాక నువ్విలా వెళ్ళిపోతే ఎలాగమ్మా అంటారు. కొడుకులు చూడక వెళ్ళలేదు కుంతి. చూస్తారని తెలిసే వెళ్ళింది.

చిన్నప్పుడు ఈ ఘట్టం విన్నప్పుడు కుంతిది కఠినమైన గుండె అనుకున్నాను. ఇప్పుడు మా అబ్బాయి మాట విన్నాక, కఠినం ఆవిడకెంత ఖర్చయిందో తెలుస్తోంది. బెంగుళూరు నుంచి ఫోన్ చేసి వాడు ఒక్కటే అడిగాడు. "అమ్మా, నేనేం తప్పు చేశాను?"

అసలు చిక్కంతా ఇక్కడుంది. పిల్లలకి బరువు కాకూడదని మనమనుకోవడం మంచితనమా, అహంకారమా? వాళ్ళని పెంచినప్పుడు బరువనుకున్నామా? చేసే అవకాశమే ఇవ్వకుండా తప్పుకుంటే వాళ్ళకి ప్రేమ చూపించే దారి మూసేసినట్టు కాదూ? వారం రోజులు నిద్ర పట్టలేదు.

చివరికి నాకు తోచిందిది. బరువు మొయ్యడానికి మా అబ్బాయి వెనకాడడు. కానీ బరువు వేరు, నిర్ణయం వేరు. రేపు నేను మంచంపడితే వాడు నాకు చేస్తాడు, చేయించుకుంటాను, అందులో నాకు సిగ్గు లేదు. కానీ నేను ఎక్కడ బతకాలన్న నిర్ణయం వాడి నెత్తిన పడేస్తే, ఏదో ఒక సాయంత్రం వాడూ నాతో "ఇంకో పది రోజులమ్మా" అనవలసి వస్తుంది. నేను చెప్పిన అబద్ధం వాడిచేత చెప్పించడం నాకిష్టం లేదు. కాలనీకి వెళ్ళినా, ఈ ఇంట్లోనే ఉన్నా, వాడి దగ్గరికి వెళ్ళినా సరే, ఆ మాట నా నోటితో, నా తెలివి ఉండగా చెప్పాలి. తొందరపడటం అంటే ఇల్లు మారడం కాదు, మాట్లాడుకోవడం. ఆ తొందర మాత్రం మంచిదే.

ఇదంతా వాడికి ఫోన్లో చెప్పాను, నానమ్మ తాళంచెవి సంగతితో సహా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నతో చెప్పు, కాగితాలు నాకూ పంపమని" అన్నాడు.

కాగితాలంటే జ్ఞాపకం వచ్చింది. మీలో ఎవరైనా ఇలాంటి ఆలోచనలో ఉంటే, బొమ్మలు చూసి మురిసిపోకండి. నెలనెలా కట్టేది ఏటా ఎంత పెంచుతారో, ఇద్దరిలో ఒకరు మిగిలితే ఎంతో, మంచాన పడితే అక్కడే చూస్తారో పంపేస్తారో, వద్దనుకుంటే కట్టిన సొమ్ములో ఎంత తిరిగొస్తుందో, అన్నీ రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి ఇళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం 2019లో నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని ముందర పెట్టుకుని అడగండి. ఉన్న ఇల్లు మాత్రం తొందరపడి అమ్మకండి.

మేము అమ్మడం లేదు. దసరా వెళ్ళాక మూడు నెలలు అక్కడ అద్దెకుండి చూస్తాం. ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి సీసా సర్దేశాను. పక్కింటి పిల్లాడికి, బంతి పడితే తీసుకోమని బాల్కనీ తలుపు తాళం వాళ్ళమ్మ దగ్గర పెట్టానని చెప్పాను. వాడడిగాడు, "ఎన్ని రోజులకొస్తారు ఆంటీ?" అని.

"తొంభై రోజులు" అన్నాను. వాడు గోడ మీద కేలండరు దగ్గరికెళ్ళి వేళ్ళతో లెక్కపెట్టడం మొదలెట్టాడు. పెట్టనీ. ఈసారి లెక్క తప్పదు.