తలుపు గడియ వేసి పడుకో

వాక్యభాగం: నెహెమ్యా 4వ అధ్యాయం

బిడ్డను యూనివర్సిటీ హాస్టల్లో దింపడానికి వచ్చిన తండ్రిని ఎప్పుడైనా గమనించావా? బకెట్టు, పరుపు, పచ్చడి సీసా అన్నీ గదికి చేర్చాక, గేటు బయట కొట్లో ఒక తాళం కప్ప కొంటాడు. ట్రంకు పెట్టెకు వేసి రెండుసార్లు గుంజి చూస్తాడు. ఒక తాళంచెవి బిడ్డకిచ్చి, రెండోది తన జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాత బిడ్డ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి బస్సెక్కుతాడు.

తాళాన్ని గుంజి చూసిన చెయ్యీ, తలమీద ఆనిన చెయ్యీ ఒకటే.

ఈ రాత్రి నీకు నిద్ర పట్టడం లేదేమో. పక్క గదిలో లాప్‌టాప్ పోయిందని విన్నావు. లేదా వాయిదాల మీద కొన్న నీ ఫోనే బస్సు రద్దీలో పోయింది, ఇంట్లో ఎలా చెప్పాలో తోచడం లేదు. లైబ్రరీ నుంచి హాస్టల్‌కు వచ్చే దారిలో దీపాలు వెలగని చోట రోజూ గుండె దడదడలాడుతోంది. పైగా, దేవుణ్ణి నమ్ముకున్నాక కూడా ఇంత భయమేమిటని నిన్ను నువ్వే నిందించుకుంటున్నావా?

నెహెమ్యాను ఒకసారి తలచుకో. యెరూషలేము గోడ కడుతుంటే ఆ పని గిట్టని సన్బల్లటు, టోబీయా, వాళ్ల మనుషులు దాడికి పన్నాగం పన్నారు. ఆ కబురు విని నెహెమ్యా జనంతో కలిసి ప్రార్థించాడు. రాత్రింబవళ్లు కావలివాళ్లనూ పెట్టాడు. ప్రార్థన చేశాం కదా, ఇంకా కాపలా ఎందుకని అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు. గోడ 52 రోజుల్లో పూర్తయింది.

ఆ అధ్యాయంలో నా మనసుకు బాగా పట్టింది ఇంకొకటి ఉంది. గోడ ఎక్కడ తక్కువ ఎత్తులో ఉందో చూసి, అక్కడ మనుషుల్ని కుటుంబాలవారీగా నిలబెట్టాడు. ఎవరినీ ఒంటరిగా నిలబెట్టలేదు.

నీ రోజులో గోడ తగ్గిన చోట్లు ఏవి? టీకని లేస్తూ లైబ్రరీ బల్లమీద వదిలేసిన లాప్‌టాప్. స్నానానికి వెళ్తూ ఊరికే దగ్గరకు వేసిన తలుపు. స్నేహం కొద్దీ చెప్పేసిన యూపీఐ పిన్. పెట్టె అడుగున ఉంచిన ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఆఫీసులో అడిగినప్పుడు తెప్పించుకోవచ్చు, మిగతా రోజుల్లో అవి ఇంట్లో ఉండటమే మేలు.

ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. దాన్ని నోటుబుక్కు అట్ట లోపల రాసుకో. ఫోను పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ ఫిర్యాదు కాపీతో ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో ఆ ఫోనును బ్లాక్ చేయించవచ్చు. ఎవరైనా మోసం చేసి ఖాతాలో డబ్బు కాజేస్తే తెల్లారేదాకా ఆగకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఆ డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు జారిపోకముందే ఆపగలిగే వీలుంటుంది.

ఎవరైనా బెదిరించి ఫోను అడిగితే మాత్రం పెనుగులాడకు. ఇచ్చేసి అక్కణ్ణుంచి బయటపడు, ఆ తర్వాత అత్యవసర నంబరు 112కు ఫోన్ చెయ్యి. ఫోను మళ్లీ కొనుక్కోవచ్చు. నిన్ను మీ అమ్మ ఎక్కడ కొనుక్కొస్తుంది?

ఇక ఆ చీకటి దారి. లైబ్రరీ మూసేవేళకు ఇద్దరు ముగ్గురు కూడి నడవండి. ఆటో ఎక్కితే బండి నంబరు రూమ్మేట్‌కు పంపు. పదయినా తను గదికి రాకపోతే నువ్వే ఫోన్ చెయ్యి. ఒకరినొకరు ఇలా కనిపెట్టుకుని ఉండమనే కదా ప్రభువు మనల్ని ఒకచోట చేర్చింది!

ఇంత చేసినా ఒక్కోసారి పోతుంది, నేస్తం. అప్పుడు దేవుడు నిన్ను చూడటం మానేశాడనుకోకు. దొంగ చేసిన తప్పును నీ నెత్తిన వేసుకోకు. 121వ కీర్తన తీరిగ్గా చదువు. నిన్ను కాచేవాడికి కునుకు లేదని ఆ కీర్తనకారుడికి ఎంత నమ్మకమో చూడు. ఆయన మేలుకునే ఉన్నాడు కాబట్టి ఈ రాత్రంతా నువ్వు కూడా మేలుకుని ఉండనక్కర్లేదు.

ఈ పూటకు నీ వంతు చిన్నదే. ఆ 15 అంకెలు రాసుకో. గడియ వేసుకో. రెండు మాటలు ప్రార్థన చేసుకుని దుప్పటి కప్పుకో. ఇంట్లో చెప్పకుండా దాచిన సంగతి ఏదైనా ఉంటే, రేపు మొదటి క్లాసుకు ముందే అమ్మకు ఫోన్ చేసి చెప్పేస్తానని దేవుని ముందు తీర్మానించుకో.